మాఘపు ఎండలో నవారు మంచం

మా వదిన పోయింది.

ఆ కబురు నాకు తెలిసిన తీరు ముందు చెప్పాలి. రథసప్తమి వెళ్ళి రెండు మూడు రోజులైంది. కాఫీ చల్లారిపోయిందని ఎవరి మీద విసుక్కోవాలో తోచక కూర్చుని ఉన్నాను. ఫోన్ మోగింది. మా అన్న కూతురు.

"బాబాయ్, అమ్మ లేదు" అంది.

"మేడ మీద చూశావా?" అన్నాను.

మాఘమాసంలో మా వదిన పొద్దుటి పూట ఇంట్లో కనిపించకపోతే మేడ మీదే ఉంటుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. అందుకే అలా అన్నాను. "మేడ మీదే ఉంది బాబాయ్" అని ఏడ్చింది.

చాప పరిచి, పిట్టగోడకి వీపు ఆనించి, మొహం ఎండకి పెట్టి కూర్చుందట. పక్కన మంచం కోళ్ళు, పట్టెలు వరసగా పేర్చి ఉన్నాయట. ఎండలో కునుకు తీస్తోందనుకుని పిల్ల ఒకసారి వచ్చి చూసి, లేపడం ఇష్టం లేక కిందికి వెళ్ళిపోయిందట.

ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడింది. "రేపు మంచం ఎండకి పెడుతున్నా అబ్బాయ్. ఈసారి చిన్నబ్బాయిని కూడా నవారు పట్టుకుని రమ్మన్నాను. నువ్వూ రా" అంది. నాకు డెబ్భై దాటాయి. అయినా ఆవిడకి నేను అబ్బాయినే, నా తమ్ముడు చిన్నబ్బాయే.

"చూద్దాంలే వదినా" అన్నాను.

"ఏం చూస్తావ్? ఎండ కనబడుతూనే ఉందిగా" అని పెట్టేసింది.

పోయినవాళ్ళ గురించి రాసినవి నేను చాలా చదివాను. చదివి చదివి విసిగిపోయాను. బతికుండగా ఒక్క పూట పలకరించని మనిషిని పోయాక దేవతని చేసి కూర్చోబెడతారు. మా వదిన దేవత కాదు. పప్పులో ఉప్పు ఎప్పుడూ కాస్త ఎక్కువే వేసేది, వేసి ఒప్పుకునేది కాదు. వెటకారం జాస్తి. మధ్యాహ్నం సీరియల్ చూస్తున్నప్పుడు రాష్ట్రపతి వచ్చినా కూర్చోమనేది కాదు. ఇవన్నీ రాస్తే ఊరుకుంటుంది. దేవత అని రాస్తే మాత్రం ఊరుకోదు.

ఆవిడ గురించి చెప్పాలంటే ఇల్లు సర్దడం గురించి చెప్పాలి.

మన బెజవాడలో ఇల్లు సర్దడం అంటే భోగి ముందు ఒక వీరావేశం. చేతికి దొరికిందల్లా మంటలోకి విసిరేసి, పండగ వెళ్ళగానే బెంజ్ సర్కిల్‌కి వెళ్ళి అదే మళ్ళీ కొనుక్కొస్తాం. మా వదినకి ఆ పద్ధతి గిట్టేది కాదు. "చలికి వణుకుతూ, పొగలో కళ్ళు నలుపుకుంటూ ఏది ఉండాలో ఏది పోవాలో ఎలా తెలుస్తుందయ్యా?" అనేది. పండగ హడావుడి అంతా అయిపోనిచ్చేది. రథసప్తమి నాడు చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి దణ్ణం పెట్టుకున్నాక, మర్నాటి నుంచి మొదలుపెట్టేది. శివరాత్రి దాకా సాగేది. రోజుకి ఒక అలమరా. ఒక పెట్టె. ఒక్కోరోజు ఒక్క సొరుగే.

ఆ నెల ఎండ మీద ఆవిడకి పెద్ద నమ్మకం. "ఇది ముదురు ఎండ కాదు, లేత ఎండ కాదు. వాసన తీస్తుంది, రంగు తియ్యదు" అనేది. మేడ మీద తుంగచాప పరిచి, ఆ రోజు తీసిన సామానంతా దాని మీద పెట్టేది. దుప్పట్లు, ఇత్తడి గిన్నెలు, పాత గొడుగులు, ఎవరో పోగొట్టుకున్న డబ్బా మూత. ఇది పారేయాలా అని ఎవర్నీ అడిగేది కాదు. అడిగితే ఎవరైనా వద్దనే అంటారు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఒక్కటే నియమం. పొద్దుగూకే లోపు ఎవరికి కావలసింది వాళ్ళు పైకొచ్చి తమ చేత్తో లోపలికి తెచ్చుకోవాలి. ఎవరూ రానిది మర్నాడు ఇంట్లో ఉండదు. దాన్ని వాడుకునే వాళ్ళెవరో అప్పటికే చూసి పెట్టి ఉంచేది.

ఎంత తేలిగ్గా కనిపిస్తుందో! చేసి చూడండి. ప్రాణం లాంటిదని పొద్దున అరిచి గోల పెట్టిన వస్తువు కోసం సాయంత్రం మెట్లెక్కాలంటే మోకాళ్ళ నొప్పి గుర్తొస్తుంది. మా అన్నయ్య తన పాత ట్రాన్సిస్టర్ కోసం ఒక ఏడు నానా యాగీ చేసి, సాయంత్రం పేకాటలో కూర్చుని మర్చిపోయాడు. మర్నాడు అడిగితే, "మీరు పైకి రాలేదండీ. పాపం, అది చాలాసేపు చూసింది" అంది వదిన. ఇరిగేషన్ ఆఫీసులో పదిమందిని గడగడలాడించిన మనిషి, నోరు మూసుకుని కాఫీ తాగాడు.

వస్తువుని తిట్టనిచ్చేది కాదు. "ఈ చెత్తంతా ఏంటమ్మా" అని కూతురు అంటే కసిరేది. "చెత్త అని పుట్టదే ఏదీ. చోటు కుదరక అలా అవుతుంది." ఆ మాట మొదటిసారి విన్నప్పుడు సామాను గురించే అనుకున్నాను. తర్వాత్తర్వాత నా గురించి కూడానేమోనని అనుమానం వచ్చింది. అడగలేదు. అడిగితే అవునంటుంది.

ఈ మధ్య మా అన్న కూతురు ఫోన్లో ఏవో వీడియోలు చూపించింది. తెల్లటి గది, తెల్లటి గోడ, తెల్లటి అమ్మాయి. ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, సంతోషం కలిగిస్తే ఉంచుకోవాలట, లేకపోతే పారెయ్యాలట. వదిన కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చూసింది.

"బానే ఉందే. కానీ ఆ లెక్కన ముందు మీ బాబాయ్‌ని పారెయ్యాలిగా" అంది.

నేను పక్కనే ఉన్నాను. పకోడీ తింటున్నాను.

"ఏం వదినా, నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదనేగా. వచ్చినప్పటి నుంచీ మున్సిపాలిటీని తిట్టావు, పక్కింటివాణ్ణి తిట్టావు, ఆ సభవాళ్ళని తిట్టావు. పకోడీ ఎలా ఉందో చెప్పావా?"

"బావుంది."

"ఉప్పు ఎక్కువైంది. నాకు తెలుసు" అంది. తన వంటలో ఉప్పెక్కువైందని ఆవిడ ఒప్పుకోవడం నాకు తెలిసి అదొక్కసారే. నాకు అడ్డం కొట్టడానికే ఒప్పుకుంది.

ఆవిడ సభవాళ్ళు అన్నది నిజమే. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. చదవడం తప్ప మరో వ్యసనం లేదు. ఈ ఊళ్ళో సభలు పెట్టే పెద్దమనుషులకి నేనంటే పడదు, నాకు వాళ్ళంటే పడదు. నా వ్యాసాల మీద వాళ్ళు రాసిన దెప్పులన్నీ పేపర్లలోంచి కత్తిరించి ఫైళ్ళలో పెట్టాను. ఒక మాఘమాసంలో వదిన మా ఇంటికి వచ్చి, "నీ పుస్తకాలకి బూజు పట్టింది, ఎండకి పెడదాం" అని బాల్కనీలో పేర్చింది. ఆ ఫైళ్ళు చేతికి దొరికాయి.

"ఇవేంటబ్బాయ్ ఇంత బరువున్నాయి?"

"నన్ను తిట్టినవాళ్ళు రాసినవి."

"నిన్ను మెచ్చుకున్నవాళ్ళవి ఏవి?"

"అవి దాచలేదు."

ఆవిడ ఆ ఫైళ్ళని నీడలోంచి తీసి, బాల్కనీలో ఎండ బాగా తగిలే మూలకి జరిపింది. "ఇవి బాగా ఎండాలి. తేమ ఎక్కువ" అంది. సాయంత్రం నేను వాటినే మొదట లోపలికి తెచ్చుకున్నాను. చూసింది, నవ్వలేదు. ఆ ఫైళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఉంటాయి కూడా. వాళ్ళు రాసింది తప్పు.

ఇక మంచం సంగతి.

మాది కాలవ గట్టు ఊరు, హనుమాన్ జంక్షన్‌కి లోపలగా. వదిన ఆ ఇంటికి కోడలుగా వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను, తమ్ముడు నిక్కర్లలో ఉన్నాడు. మా అమ్మకి, నూలు పట్టీతో అల్లిన నవారు మంచం ఒకటి ఉండేది. చట్రం మా నాన్న చేయించింది. దాని మీద పడుకుంటే జ్వరం తగ్గుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా అమ్మ ఆ మంచం ఖాళీ చేసి ఇచ్చేది.

కోతలయ్యి, చేలల్లో మినుము పచ్చగా అల్లుకుని ఉండే రోజుల్లో, ఆ మంచం నవారు విప్పి కాలవలో ఉతకడం వదిన తెచ్చిన పద్ధతి. తడి నవారు ఒక కొస నాకు, ఒక కొస తమ్ముడికి ఇచ్చి, గట్టు మీద సాగదీయించేది. "లాగు అబ్బాయ్! చిన్నబ్బాయ్, వదలకు! వదిలావంటే మీ అన్న కాలవలో పడతాడు!" వాడు కావాలనే వదిలేవాడు. నేను వెల్లకిలా పడేవాణ్ణి, కాలవలో కాదుగానీ బురదలో. వదిన నవారు బురద కాకుండా ఎత్తిపట్టుకుని, నన్ను మాత్రం అలాగే వదిలేసి నవ్వేది.

ఎండాక బిగించడం. నవారు బిగించడం ఒక్కడి వల్ల కాదు. ఒకడు లాగి పట్టాలి, రెండోవాడు పట్టె చుట్టూ తిప్పాలి. ముందు నిలువు వరసలు, తర్వాత అడ్డం వరసలు, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి. లాగినవాడు కాస్త చెయ్యి సడలిస్తే మంచం మధ్యలో గుంట పడుతుంది. అంతా అయ్యాక వదిన వచ్చి, తల పక్కకి వాల్చి, అరచేత్తో మంచం మధ్యలో ఒక్కటి వేసేది. మద్దెల మోగినట్టు మోగాలి. మోగకపోతే, "మీ ఇద్దర్లో ఎవరో మెత్తబడ్డారు, మళ్ళీ విప్పండి" అనేది. ఎవరని ఎప్పుడూ అడిగేది కాదు. మేమే ఒకరినొకరు చూపించుకునేవాళ్ళం.

తర్వాత అన్నయ్యకి ఉద్యోగం వచ్చి భవానీపురంలో ఇల్లు కట్టుకున్నాడు. నేనూ బెజవాడ చేరాను. తమ్ముడు హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు పెట్టాడు. అన్నయ్య పోయాడు. అమ్మ పోయింది. అమ్మ సామాను పంచుకునే రోజు అందరం ఊళ్ళో ఇంట్లో కూర్చున్నాం. ఎవరికీ ఏమీ అక్కర్లేదన్నట్టే మొదలైంది. మంచం దగ్గరికి వచ్చేసరికి నేను, "అది నాకివ్వండి" అన్నాను. జీవితంలో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటి.

తమ్ముడు బంధువులందరి ముందూ, "అన్నయ్యకి మంచం ఎందుకు? పుస్తకాల మీదే పడుకుంటాడు, పుస్తకాల మీదే లేస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

"టైర్ల మీద పొర్లేవాడికి మాత్రం ఎందుకు?" అన్నాను నేను.

మాట మాట పెరిగింది. చట్రం నాన్న చేయించింది, ఉన్నవాళ్ళలో పెద్దవాణ్ణి కాబట్టి నాదన్నాను. నవారు కిందటేడు తను కొత్తది వేయించానన్నాడు. "అయితే నీ నవారు నువ్వు పట్టుకుపో" అన్నాను. వాడు నిజంగానే కూర్చుని, అక్కడే, అందరూ చూస్తుండగా నవారు మొత్తం విప్పి చుట్ట చుట్టుకుని కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు కట్టెలు మిగిలాయి.

వదిన వాకిట్లో నిలబడి ఇదంతా చూసింది. "బాగుంది. ఒకడికి మంచం, ఒకడికి పడక. ఇద్దరికీ నిద్ర లేదు" అంది. అంతే. ఎవరి పక్షమూ మాట్లాడలేదు. అప్పట్లో నాకు ఆ సంగతే ఎక్కువ కోపం తెప్పించింది. న్యాయం నా వైపు ఉందని ఆవిడకి తెలుసు కదా, చెప్పొచ్చు కదా అని. ఇప్పటికీ న్యాయం నా వైపే ఉందనుకుంటాను. అది వేరే విషయం.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైచిలుకు మేమిద్దరం మాట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే వాడు పెళ్ళికూతురి వైపు చూసేవాడు, నేను వంటల వైపు చూసేవాణ్ణి. మా ఇంట్లో మంచం పెట్టాల్సిన చోట పుస్తకాలున్నాయి కాబట్టి చట్రం విప్పి వదిన ఇంట్లో పెట్టాను. ప్రతి మాఘంలోనూ ఆవిడ ఆ కోళ్ళూ పట్టెలూ మేడ మీద ఎండకి పెట్టి నాకు ఫోన్ చేసేది. సాయంత్రం వెళ్ళి నా చేత్తో కిందికి దింపి ఆవిడ సామాన్ల గదిలో పెట్టి వచ్చేవాణ్ణి. "లోపలికి తెచ్చుకున్నావు కాబట్టి ఇంకో ఏడాది నీదే" అనేది. కాఫీ ఇచ్చేటప్పుడు, ఊరికే గుర్తొచ్చినట్టు, "చిన్నబ్బాయి కూడా నవారు ఉతికి ఎండబెట్టాడట" అనేది.

"నాకెందుకు చెబుతున్నావ్ వదినా?"

"నీకని కాదు. మంచానికి చెప్పాను."

జంక్షన్‌కి కూడా ఫోన్ చేసి, "మీ అన్న కోళ్ళకి నూనె రాశాడు" అని వాడికి చెప్పేదని తర్వాత తెలిసింది. నేను ఎన్నడూ నూనె రాయలేదు. ఆవిడే రాసేది.

పెద్దకర్మ రోజున మా బంధువుల్లో ఒకాయన, మైకు కనిపిస్తే ఆగలేని మనిషి, లేచి మాట్లాడాడు. "ఆ మహాతల్లి ఎంత సహనశీలి అంటే, అందరితోనూ సర్దుకుపోయింది. జీవితాంతం సర్దుకుపోయింది" అన్నాడు. జనం తలలూపారు. భోజనాల దగ్గర ఎవరో, "ఇదే మాట రాయండి మాష్టారూ, బావుంది" అని నాకు సలహా కూడా ఇచ్చారు.

నాకు ఒళ్ళు మండింది. ఎన్నో పుస్తకాలు చదివి, ఎంతోమందితో మాటల మీద తగాదాలు పడినవాణ్ణి. ఈ ఒక్క మాట మీద పడకపోతే అవన్నీ దండగ. ఆయన్ని చెయ్యి కడుక్కునే చోట పట్టుకున్నాను.

"మా వదిన సర్దుకుపోలేదండీ. సర్దింది."

"రెండూ ఒకటే కదండీ."

"ఒకటి కాదు. సర్దుకుపోయే మనిషి తను కుంచించుకుపోయి పక్కవాడికి చోటిస్తుంది. సర్దే మనిషి అందర్నీ కాస్త కాస్త జరిపి, అందరికీ చోటు చేస్తుంది. మిమ్మల్ని కూడా జరిపింది. మీకు తెలీలేదు."

ఆయన చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. కొంచెం దూరంలో చేతులు కడుక్కుంటూ నా తమ్ముడు ఉన్నాడు. విన్నాడని తెలుసు. కొళాయి కట్టెయ్యడం మర్చిపోయి నిలబడ్డాడు.

ఆ మర్నాడు అన్న కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల, వాళ్ళాయన వదినతోనే ఉండేవాళ్ళు, అదే ఇల్లు. "బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరో ఉన్నారట బాబాయ్, మనుషుల్ని పంపించి ఒక్కపూటలో ఇల్లంతా సర్దించి పెడతారట. అందరూ అదే చెయ్యమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. అమ్మ మొదలుపెట్టింది మధ్యలో ఆగిపోయింది. శివరాత్రి లోపు నేనే పూర్తి చేస్తాను."

"మంచిది తల్లీ."

"మంచం ఇంకా మేడ మీదే ఉంది. రేపు మళ్ళీ ఎండకి పెడతాను. కానీ ఒక మాట బాబాయ్. ఈసారి కోళ్ళు కోళ్ళుగా, పట్టెలు పట్టెలుగా నా ఇంట్లోకి రానివ్వను. మంచంగా అయితే ఉంటుంది. లేదా కట్టెలుగా వెళ్ళిపోతుంది. అమ్మ ఈ ఏడు అనుకున్నది అదే. చిన్న బాబాయ్‌కీ ఇదే చెప్పాను."

మా వదిన కూతురని అప్పుడు పూర్తిగా నమ్మాను.

మర్నాడు మధ్యాహ్నం దాకా నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. వాడు రాకపోతే ఆ కట్టెల ముందు నేనొక్కణ్ణీ కూర్చోవాలి. అమ్మ జ్వరంలో నా నుదుటి మీద చెయ్యి వేసిన మంచం అది. దాన్ని పొయ్యిలోకి పంపించేది నా మొండితనమో వాడి మొండితనమో తేలకుండానే సాయంత్రమైపోతుంది. వాడు వస్తే అంతకన్నా కష్టం. ఎండ కాస్త వాలాక చెప్పులేసుకున్నాను.

మెట్లెక్కేసరికి తమ్ముడు అప్పటికే ఉన్నాడు. తుంగచాప మీద నవారు చుట్ట విప్పి, మేడ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచాడు. తెల్లగా, ఉతికి ఉంది. వాడి జుట్టు కూడా అలాగే ఉంది. వదిన ఆనుకున్న పిట్టగోడ దగ్గర మాత్రం ఏమీ పెట్టలేదు. ఆ చోటు వదిలేశాడు.

చెప్పులు విడిచి కోళ్ళ పక్కన కూర్చున్నాను. కృష్ణ మీంచి గాలి వస్తోంది. కింద కుక్కర్ కూత వేసింది.

వాడు ఒక పట్టె తీసుకుని చూసి, "పురుగు పట్టలేదే" అన్నాడు, పట్టెతో అన్నట్టు.

"ఎండబెడితే ఎందుకు పడుతుంది?" అన్నాను, నేనూ కోళ్ళతో అన్నట్టు.

"నూనె బాగా పట్టించావు."

"నేను కాదు. వదిన."

వాడు తలెత్తి చూశాడు. "నువ్వే రాస్తున్నావని చెప్పేదిగా!"

"నువ్వు ఏటా నవారు ఉతుకుతున్నావని నాకు చెప్పేది."

"ఎక్కడ, నేనొక్కసారి కూడా ఉతకలేదు. ప్రతి ఏడూ వదినే జంక్షన్ బస్సెక్కి వచ్చి, కొట్టు వెనకాల ఉతికి ఆరేసి, టీ తాగి వెళ్ళిపోయేది. ఈ ఏడు మాత్రం రాలేనంది. నువ్వే తీసుకురా అంది." వాడు నవారులో ముడత ఒకటి సరిచేశాడు. "నిన్న నేనే ఉతికాను."

మా వదిన ఇద్దరి దగ్గరా ఇద్దరి గురించీ అబద్ధాలు చెప్పి, ఇద్దరి పనీ తనే చేసుకుంటూ వచ్చింది. ఇన్నేళ్ళూ.

కోళ్ళలో పట్టెలు దిగ్గొట్టాం. సులువుగానే దిగాయి. నవారు కొస ముడి వేసి వాడు పట్టె అవతల కూర్చున్నాడు, నేను ఇవతల. నేను లాగుతుంటే వాడు తిప్పుతున్నాడు.

"గట్టిగా లాగన్నయ్యా. పుస్తకం పేజీ తిప్పుతున్నావా?"

"నువ్వు టైరు బిగించినట్టు బిగిస్తే తెగుతుంది."

"తెగదు. మంచి నవారు. నేను వేయించింది."

"తెలుసులే."

అడ్డం వరసల్లో ఒకచోట పైనుంచి పోవాల్సింది కిందనుంచి పోయింది. తప్పు వాడిదే. వాడు నాది అన్నాడు. నాలుగు వరసలు విప్పి మళ్ళీ వేశాం. మోకాళ్ళు పట్టేశాయి, అరచేతులు మండిపోతున్నాయి. చివరి ముడి పడేసరికి ఎండ పిట్టగోడ ఎక్కి దిగిపోతోంది.

అప్పుడు వచ్చింది పిల్ల పైకి, కాఫీ గ్లాసులు పట్టుకుని. గ్లాసులు కింద పెట్టి, మంచం దగ్గరికి వచ్చి, అచ్చం వాళ్ళమ్మలాగే తల పక్కకి వాల్చి, అరచేత్తో మధ్యలో ఒక్కటి వేసింది.

మోగింది.

తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను కాఫీ గ్లాసు వెతుక్కున్నాను.

"సరే, మంచమైంది. ఇక ఎవరు లోపలికి తెచ్చుకుంటారో తెచ్చుకోండి. పొద్దుగూకుతోంది" అంది పిల్ల.

ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఎత్తాం. మెట్ల గది దాకా తీసుకెళ్ళాం. అడ్డంగా పట్టలేదు. నిలువుగా తిప్పాం, కోళ్ళు గోడకి తగిలాయి. పక్కకి వాల్చాం, మలుపు దగ్గర ఇరుక్కుంది. చట్రం ఎప్పుడూ విడి ముక్కలుగా పైకెక్కింది, విడి ముక్కలుగా దిగింది. మంచంగా ఆ మెట్ల మీద ఎన్నడూ దిగలేదు. దిగదు. ఇద్దరు ముసలాళ్ళం, ఒకడు చరిత్ర మాష్టారు, ఒకడు వ్యాపారి, ఇది ముందు ఆలోచించలేదు.

పిల్ల మెట్ల మీద కూలబడి నవ్వింది. వాళ్ళమ్మ పోయాక ఆ పిల్ల నవ్వగా చూడటం అదే. "అమ్మకి తెలిసే ఉంటుంది బాబాయ్!"

"తెలిసే ఉంటుంది" అన్నాడు తమ్ముడు, ఒగురుస్తూ. "విప్పి మళ్ళీ కింద బిగించాలన్నా ఇద్దరు కావాలి."

మళ్ళీ మేడ మీదికే మోసుకొచ్చాం. రాత్రి మంచు పడితే నవారు తడుస్తుందని దాన్ని నిలబెట్టి, మెట్ల గది చూరు కింద ఒక కొస మాత్రం గోడకి ఆనించాం. పిల్ల గ్లాసులు తీసుకుని, "రేపు వస్తావా బాబాయ్?" అంది.

"చూద్దాం..." అనబోయి ఆగాను.

"వస్తాను" అన్నాను.

వాళ్ళిద్దరూ దిగిపోయాక కాసేపు దాని వెనక నిలబడ్డాను. చీకటి పడింది. చూరు అంచుకి, గోడకి మధ్య ఏటవాలుగా నిలబడి ఉంది మా అమ్మ మంచం. ఒక పట్టీకి ఇంకో పట్టీకి మధ్య చిన్న చిన్న చదరపు సందులు. ఆ సందుల్లోంచి, దూరంగా బ్యారేజీ మీద ఒక్కొక్క దీపం వెలుగుతూ కనబడింది, ఒక్కో దీపం ఒక్కో గదిలో, ఎవరో తీరిగ్గా సర్ది పెట్టినట్టు.